మా సార్ విప్పని ల్యాప్‌టాప్

సార్ పోయారన్న కబురు నాతోపాటు ఆయన దగ్గర నేర్చుకున్న నరేశ్ ఫోన్ చేసి చెప్పాడు. "సార్ పోయిండురా. పొద్దుగాల టిఫిన్ చేసి కుర్చీల కూసున్నడట, కూసున్నట్టే పోయిండట" అన్నాడు. నిజం చెప్పాలంటే నాకు ముందు ఏడుపు రాలేదు. ఈ కబురు నాకంటే ముందు వీడికెలా అందింది, సార్ భార్య నాకు కాకుండా వీడికెందుకు ఫోన్ చేసింది అని కడుపు మండింది. ఏడుపు ఆ తర్వాత, అమీర్‌పేట చౌరస్తాలో ఆటో ఆగినప్పుడు వచ్చింది. పోయినవాళ్ళ గురించి రాసేటప్పుడు ఇలాంటివి రాయకూడదంటారు. కానీ సార్ గుర్తొస్తే నాకు ఆ మంట కూడా వెంటే వస్తుంది. రెంటినీ విడదీసి రాయడం నా వల్ల కాదు.

మీలో చాలామందికి మా సార్ తెలియరు. ఆయన పేరు ఏ తెర మీదా పడలేదు. కంప్యూటర్ మీద పాట కట్టడం ఎలాగో అమీర్‌పేటలో ఒక గదిలో నేర్పేవారు. ఆ బిల్డింగులో కింద, పైన, పక్కన అన్నీ సాఫ్ట్‌వేర్ కోచింగ్ సెంటర్లే. మెట్ల దగ్గర కరపత్రాలు పంచేవాళ్ళు సార్‌ని కూడా వదిలేవాళ్ళు కాదు. "సార్, జావానా, టెస్టింగా?" అని అడిగితే "హార్మోనియం" అని చెప్పి పైకెక్కేవారు. గది పక్కనుంచే మెట్రో పోతుంది. ఎవరైనా పాడుతుంటే రైలు చప్పుడు వినపడకముందే సార్ చెయ్యి పైకి లేచేది. అందరం ఆగేవాళ్ళం. రైలు వెళ్ళాక చెయ్యి దించేవారు, పాట ఆగిన చోటి నుంచి మళ్ళీ మొదలయ్యేది.

సార్ వాళ్ళది మగ్గాల ఊరు. వాళ్ళ నాన్న చీరలు నేసేవారట. సార్ నెయ్యలేదు కానీ ఆ మాటలు మాత్రం వదల్లేదు. పాటలు చేసే ల్యాప్‌టాప్‌లో అన్నీ ఒకే డ్రైవ్‌లో కుక్కితే పాట నడుమ టకటకమని తెగుతుంది. పాపం ఆ ఒక్క డ్రైవే వీణ, తబలా, వయొలిన్ శబ్దాలు తీసి ఇవ్వాలి, అదే సమయంలో పాడేవాళ్ళ గొంతు దాచుకోవాలి, ఆ మధ్యలో విండోస్ చాకిరీ కూడా చెయ్యాలి. అందుకని సార్ లోపలున్న ఖాళీ చోట్లలో ఇంకో రెండు డ్రైవ్‌లు పెట్టించేవారు. ల్యాప్‌టాప్‌తో వచ్చినదాని పేరు "ఇల్లు". వాయిద్యాల శబ్దాలుండేది "నూలు". ఇప్పుడు చేస్తున్న పాట ఉండేది "మగ్గం". బయట వైరుతో తగిలించి అన్నిటికీ నకలు దాచుకునేది "పెట్టె". స్క్రీన్ మీద కూడా తెలుగులో ఆ పేర్లే కనపడాలి. నూలు ఒక్కసారి నింపుకొని రోజూ వాడుకోవాలి, మగ్గం ఎప్పటికప్పుడు ఖాళీ చేసుకోవాలి. ఒకసారి మాలో ఒకడి మగ్గంలో సినిమాలు దొరికాయి. సార్ కోప్పడలేదు. "మగ్గం మీద బట్టలారేస్తర్రా ఎవరన్న?" అని అడిగి, వాడే సిగ్గుపడి తీసేదాకా పక్కనే నిలబడ్డారు. "పెట్టెల పెట్టనిది నేసినట్టే గాదు" అన్నది ఆయన రోజూ చెప్పే మాట.

ఇక అసలు సంగతికి వస్తాను. మాలో ఎవరికైనా మొదటి పని దొరికితే, అది సీరియల్‌లో ముక్కైనా సరే, బోనాల పాటైనా సరే, సార్ వాళ్ళ ల్యాప్‌టాప్‌ని తన చేత్తో విప్పి డ్రైవ్‌లు పెట్టి ఇచ్చేవారు. పంజాగుట్టలో వాళ్ళింట్లో, పగటిపూట, తలస్నానం చేసి. చాప మీద తువ్వాలు పరిచేవారు. ఒంట్లో చేరిన కాస్త కరెంటు బోర్డుకు తగలకుండా పోవాలని ముందు కిటికీ ఇనుప ఊచ పట్టుకునేవారు. అక్క, అంటే సార్ భార్య, వంటింట్లోంచి ఇడ్లీ రేకు తెచ్చి పెట్టేది. ఏ మూల స్క్రూ ఆ మూల గుంటలో. పొడుగువి, పొట్టివి కలిసిపోకూడదు. "పొట్టి దాని జాగల పొడుగుది పెడితే బోర్డుకు బొక్క వడ్తది. ఇడ్లీ రేకు తప్పు చెయ్యనియ్యదు" అనేవారు. శిష్యుడి పని పక్కన కూర్చుని టార్చి పట్టుకోవడమే. అంతా అయ్యాక అక్క సేమియా పాయసం పెట్టేది. మాకు అది అక్షరాభ్యాసం లాంటిది. ఆ రోజు దాటితేనే సార్ మనిషైనట్టు లెక్క.

నరేశ్ వంతు నాకంటే ముందు వచ్చింది. వాడు కృష్ణానగర్‌లో ఉంటాడు. మంచి బాణీ కడతాడు, అది నేను కాదనను, కాదనాలని ఉన్నా. ఆ రోజు సార్ స్క్రూలు తిప్పుతూ నరేశ్ కట్టిన బాణీని కూనిరాగం తీశారు. నేను గోడకానుకుని విన్నాను. నా బాణీ ఒక్కటైనా సార్ అట్లా తీశారా అని వెతుక్కున్నాను. దొరకలేదు.

తర్వాత నాకూ పని దొరికింది. ఒక బట్టల దుకాణం ప్రకటనకు పాట. స్వీట్ల డబ్బా, రెండు కొత్త డ్రైవ్‌లు పట్టుకుని పరుగున పోయాను. తువ్వాలు పరిచారు, ఇడ్లీ రేకు వచ్చింది. సార్ కిటికీ ఊచ పట్టుకోలేదు. స్క్రూడ్రైవర్ నా చేతిలో పెట్టి "విప్పు" అన్నారు.

"నేనా సార్?"

"మరి నేనా? నీదే గద డబ్బ."

చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డారు. నేను విప్పాను, రెండు డ్రైవ్‌లూ పెట్టాను, మూశాను. చేసిన పాట ముందుగా పెట్టెలో దాచమంటే దాచాను. మధ్యాహ్నం దాకా కూర్చుని నూలు నింపాను, మగ్గం సిద్ధమయ్యేదాకా ఉంటుందని పాట కూడా అందులోనే పడేశాను. మగ్గాన్ని తుడిచి సిద్ధం చెయ్యడం ఒకటే మిగిలింది. నేను కొన్నవి రెండూ ఒకే కంపెనీవి, ఒకే సైజువి, పేర్లు ఇంకా పెట్టలేదు. స్క్రీన్ మీద రెండూ ఒకేలా కనపడ్డాయి. ఒకటి నొక్కాను. నూలు మొత్తం తుడిచిపెట్టుకుపోయింది.

తల పైకెత్తితే కిటికీ అద్దంలో సార్ ముఖం కనిపించింది. నా చెయ్యి ఎక్కడికి పోతోందో ఆయన ముందే చూశారు.

"సార్, మీరు చూసిన్రు గదా?"

"చూసిన."

"మరి చెప్పొచ్చు గదా!"

"పెట్టెల ఉన్నది గదరా పాట. ఏం ఫికర్ లేదు, మల్ల నింపు" అన్నారు తాపీగా. "కవలలకు ఒక్కతీరు అంగీలు తొడిగినవ్. కన్నతల్లే తికమక పడ్తది, నువ్వెంత?"

నరేశ్ అయితే చెయ్యి పట్టుకుని ఆపేవారు కాదా? పాయసం తింటున్నంతసేపూ నాకదే ఆలోచన. నా గిన్నెలో జీడిపప్పు కూడా తక్కువే ఉన్నట్టనిపించింది.

ఆ తర్వాత కూడా మారలేదు. దసరాకు ఆయుధపూజ చేసేవారు. అందరి ల్యాప్‌టాప్‌లూ వరసగా పెట్టి, ఒక్కొక్కటి విప్పి దుమ్ము ఊది, మూసి బొట్టు పెట్టేవారు. నా వంతు వచ్చేసరికి ఇడ్లీ రేకు నా వైపు జరిపేవారు. అందరూ సొంత పిల్లలు, నేనొక్కణ్ణి పక్కింటి పిల్లాణ్ణి. నన్ను తన శిష్యుల్లో లెక్కేసుకున్నారో లేదో అన్నది నాకు చాలా పెద్ద ప్రశ్న. నవ్వుకుంటే నవ్వుకోండి. ఒకసారి పంజాగుట్టలో చాయ్ తాగుతున్నప్పుడు తెగించి అడిగేశాను.

"నాదెందుకు విప్పరు సార్ మీరు?"

"నీకు రాదా?"

"వస్తది."

"మరింకేంది?" అని సాసర్‌లో చాయ్ పోసుకున్నారు. అదే జవాబు. దాంతో నేను ఏం చేసుకోవాలి?

పెద్దకర్మ రోజు ఇంటినిండా మేమే. భోజనాల దగ్గర కూర్చుని అందరూ ఒకటే మాట. నా డబ్బ సార్ ఫలానా పండుగ ముందు విప్పిండు, నాది విప్పుతుంటే కరెంటు పోయింది, నా దానికి స్క్రూ దొరక్క చాపంతా దులిపిన్రు. ఒక్కొక్కరికీ ఒక్కో కథ. ఎవరో కొత్తమ్మాయి నన్ను అడిగింది, "మీది ఎప్పుడు చేసిండన్నా?" అని. "చేసిండు లేమ్మా, మస్తు దినాలైంది" అన్నాను. ఎదురుగా గోడకు దండ వేసిన సార్ ఫొటో. విస్తరి మడిచి లేచాను.

మొన్న నరేశ్ అమీర్‌పేటలో నా గదికి వచ్చాడు. ముఖం పీక్కుపోయి ఉంది. "నూలు కనవడ్తలేదురా. డ్రైవే చచ్చినట్టున్నది. రేపు పాట ఇయ్యాలె" అన్నాడు.

"కింద గన్ని రిపేరు షాపులున్నయ్ గదా" అన్నాను. కావాలనే అన్నాను.

"షాపోడు చెయ్యి పెడితే నాకు పాణం ఒప్పలే. మన పోరగాళ్ళల్ల ఒక్కనికి సుత రాదు. అందరియీ సారే చేసిచ్చిండు. నేర్పింది నీ ఒక్కనికే." నా వైపు చూడకుండా అన్నాడు, "దసరా నాడు నీకు రేకు జరిపినప్పుడల్ల నాకెట్ల మండేదో నీకెర్క లేదు."

వాడికి అబద్ధమాడటం రాదు. ఇన్నేళ్ళూ నేను వెతికిన జవాబు అదే అయ్యుండాలి. ఆ మాటతో నా కడుపు చల్లబడాలి కదా? చల్లబడలేదు. ల్యాప్‌టాప్ తిరగేసి మొదటి స్క్రూ మీద స్క్రూడ్రైవర్ ఆనించాను. కదల్లేదు. సార్ బిగించింది. నా చేతికి ఆయన చేతి బిగువు తెలిసింది. నా ల్యాప్‌టాప్ ఎన్నిసార్లు విప్పినా నాకు తగిలింది నా బిగువే. కళ్ళు మసకబారితే దుమ్ము పడిందని చెప్పి తుడుచుకున్నాను.

కొత్త డ్రైవ్ పెట్టాను. వాడి పెట్టెలోంచి నూలు నింపాను. పాట తెగకుండా చివరిదాకా పోయింది. తీసేసిన డ్రైవ్, సార్ తన చేత్తో పెట్టింది, నా అరచేతిలో ఉంది. చూయింగ్ గమ్ బద్ద కంటే కాస్త పెద్దది, ఎందుకూ పనికిరానిది.

"ఇది నాకియ్యిరా" అన్నాను.

"ఏం చేస్కుంటవ్?"

"ఊకెనే."

వాడు నా ముఖం చూశాడు. అర్థమైంది వాడికి, బాగానే అర్థమైంది. "గదొక్కటి తప్ప ఇంకేదన్న అడుగు భాయ్, ఇస్త" అని నా వేళ్ళు ఒక్కొక్కటీ విప్పి తీసుకున్నాడు. చొక్కా జేబులో వేసుకుని గుండీ పెట్టుకున్నాడు.

కిటికీలోంచి చూశాను. మెట్రో మెట్లెక్కుతున్నాడు. ల్యాప్‌టాప్ బ్యాగు భుజం మీంచి జారుతోంది, సర్దుకోవడం లేదు. వాడి చెయ్యి జేబు మీదే ఉంది.