రంగు ఆరని సైటు

తాతయ్య బోర్డుల మీద అక్షరాలు రాసే పెయింటరు. కళ్లజోళ్ల షాపుదైనా, పళ్ల డాక్టరుదైనా, బోర్డు మీద 'ళ' తోక చూస్తే చాలు, రాసిందెవరో చెప్పేయొచ్చు. అందుకే ఊళ్లో ఆయన్ని తోక పెయింటరంటారు. ప్లాస్టిక్ బోర్డులొచ్చాక ఆయన కుంచెకి పని తగ్గింది. నోటికి మాత్రం తగ్గలేదు.

ఒకరోజు లైబ్రరీ నుంచి ఫోనొచ్చింది. కొత్తగా కట్టిన గదిలో గోడంతా చేత్తో రాయించాలట.

"మీకు సైటుందాండీ?" అని అడిగింది లైబ్రేరియనమ్మ.

"సైటెందుకమ్మా, సొంతిల్లే ఉంది," అన్నాడు తాతయ్య ఠీవిగా.

ఆవిడ నవ్వాపుకుని విడమరిచి చెప్పింది. కంప్యూటర్లో చూసే సైటట. చేసిన పనులన్నీ అందులో పెడితే, శుక్రవారం నాలుగింటికి కమిటీ చూసి తేలుస్తుందట. గోడ పొడవు పదహారడుగులు. అంత గోడ దొరికి తాతయ్యకి తొమ్మిదేళ్లయింది. ఫోను పెట్టేసి, ఆ నిమిషమే కుంచె పట్టాలన్నట్టు చేతులు కడుక్కొచ్చాడు.

అమ్మమ్మ కోర్టులో టైపిస్టుగా చేసి రిటైరైంది. ఆవిడ వేళ్లు కీబోర్డు మీద పడితే రేకుల మీద వానే. సైట్లు తయారుచేసే సాఫ్ట్‌వేర్ ఎక్కించి, 'కొత్త ప్రాజెక్టు' అన్నచోట నొక్కింది.

"పేరేంటని అడుగుతోంది. 'తోక పెయింటర్' అని కొట్టేశా."

"నా పరువు తియ్యడానికే నేర్చుకున్నావా ఈ విద్య?"

"జనం పిలిచే పేరు పెడితేనే కదండీ దొరుకుతారు! సరే, ఏ ఫోల్డర్లో ఉంచమంటారు?"

"ఎక్కడో ఒకచోట పడెయ్యవే. నా రంగు డబ్బాలకి చోటడిగానా ఎప్పుడైనా?"

అమ్మమ్మ ఒక ఫోల్డరు తెరిచి, పేజీ పైన తాతయ్య బోర్డు రాసిన బట్టల షాపు పేరు, 'వస్త్రాలయం' అని టైపు చేసింది. తెర మీద ఒత్తులన్నీ ఊడి, దేనికది విడివిడిగా నిలబడ్డాయి.

"ఓసి నీ దుంపతెగ! బంగారంలాంటి వస్త్రాన్ని పీలికలు చేశావు కదే!"

"నేనెక్కడ చింపాను? మీ ఒత్తులు దానికి రావట!"

ఇక తాతయ్య ఊరుకుంటాడా? అట్టముక్కల మీద పదకొండు షాపుల పేర్లు కుంచెతో రాసి, సోఫా మీద, మంచం మీద, చివరికి ఫ్రిజ్జు మీద కూడా ఆరబెట్టాడు. ఇంట్లో కూర్చోవడానికి చోటు లేదు. ఆరినవి ఆరినట్టే అమ్మమ్మ ఫొటోలు తీసి పేజీలో అతికించింది. శుక్రవారం మూడింటికి సైటు ఊరి మీదకి వదిలారు.

మూడుంబావుకి లైబ్రేరియనమ్మ ఫోను. "తెరిచామండీ. పదకొండూ ఖాళీ డబ్బాలే కనబడుతున్నాయి."

తాతయ్య గుండె జారింది. నోరు మాత్రం జారలేదు. "రంగింకా ఆరలేదమ్మా. అరగంటాగి చూడండి!"

ఇంట్లో తెర మీద చూస్తే అన్నీ నిక్షేపంగా ఉన్నాయి. అమ్మమ్మ కళ్లజోడు సర్దుకుని మూలమూలా వెతికింది. కాసేపటికి తలమీద కొట్టుకుంది.

"ఫొటోలన్నీ డెస్క్‌టాప్ మీదే వదిలేశానండీ. ప్రాజెక్టు ఫోల్డర్లో ఉన్నవే అది మోసుకెళ్లింది. పిల్లల్ని గుమ్మంలో నిలబెట్టేసి బండి కదిలించినట్టు చేశాను!"

పదకొండు ఫొటోలనీ ఫోల్డర్లోకి తెచ్చి, ఏది ఎక్కడుందో ఒక్కొక్కటే మళ్లీ చూపించాలి. కీబోర్డు మీద వాన మొదలైంది. పక్కన కూర్చున్న తాతయ్య పెళ్లయ్యాక మొదటిసారి ఇరవై నిమిషాలు మాట్లాడలేదు. నాలుగుకి పది నిమిషాలుండగా సైటు మళ్లీ వెళ్లింది.

ఐదింటికి ఫోను మోగింది.

"కమిటీలో ఒకాయన అభ్యంతరం చెప్పారండీ. మీవి ఏ రెండు 'ళ'లూ ఒకలా లేవట."

తాతయ్య తన అరచెయ్యి చూసుకున్నాడు. "అది... చెయ్యి కదమ్మా. యంత్రం కాదు."

"మిగతావాళ్లూ అదే అన్నారండీ. అందుకే మీకే ఇచ్చారు. సోమవారం రండి."

సోమవారం దాకా ఆగితే ఆయన తాతయ్యెందుకవుతాడు? శనివారం పొద్దున్నే వెళ్లి, ఇంకా సున్నం కూడా వెయ్యని గోడకి అరచెయ్యి ఆనించి నిలబడ్డాడు.

"గోడ కాస్త ఎగుడుదిగుడుగా వచ్చిందండీ," అన్నాడు మేస్త్రి, మొహమాటంగా.

"ఉండనీవయ్యా," అన్నాడు తాతయ్య. "మేమిద్దరం సర్దుకుంటాం."