మూడో గేరులో మోత

తాతయ్య కారులో ఇద్దరే పడతారు. మూడో మనిషి ఎక్కాలంటే ఆ ఇద్దరిలో ఒకరు దిగాలి. పైకప్పు గుడ్డది, వెనక్కి మడిస్తే మడుస్తుంది గానీ మళ్ళీ ముందుకు రమ్మంటే రాదు. రంగు ఎరుపు. బానెట్టుది ఒక ఎరుపు, తలుపులది ఇంకో ఎరుపు, వెనక భాగానిది మరో ఎరుపు. అన్నీ ఒకే డబ్బాలోంచి వచ్చాయని తాతయ్య ఒట్టేసి చెబుతాడు. ఆ డబ్బాని మాత్రం ఎవరూ చూడలేదు.

పందేల్లో పరుగెత్తడానికి చేసిన బండట అది. తాతయ్య చేతికొచ్చేసరికి దానికి పరుగు మీద మోజు తీరిపోయింది.

తాతయ్య పని పళ్ళ సెట్లు చేయడం. చుట్టుపక్కల ముసలివాళ్ళలో సగంమంది ఆయన చేసిన పళ్ళతోనే నవ్వుతారు, ఆ పళ్ళతోనే ఆయన్ని తిడతారు. అరగదీయడం, అతికించడం, సరిగ్గా కూర్చుందో లేదో చూడటం, పళ్ళకైనా కారుకైనా అంతే కదా అంటాడాయన. అందుకే ఆ కారులో గేరు కడ్డీ మీది గుండు చిగుళ్ళ రంగులో ఉంటుంది. పాతది పగిలిపోతే, సెట్లకు వాడే గులాబీ ముద్దతోనే కొత్తది పోసి, నున్నగా సానపట్టి బిగించాడు. కిటికీ అద్దం తిప్పే పిడి కూడా అదే సరుకు. అద్దం దించినప్పుడల్లా ఎవరి నోట్లోనో చెయ్యి పెట్టినట్టుందని అమ్మమ్మ చివరిదాకా సణుగుతూనే ఉంది.

కారుకు వైద్యం తాతయ్యదే అయినా రోగం కనిపెట్టేది అమ్మమ్మ. పాత కారంటే మోతల పుట్ట. నడిపేవాడికి మోత వినిపిస్తుంది కానీ అది ఎక్కణ్ణుంచి వస్తోందో తెలియదు. ఇంజను, గాలి, రోడ్డు అన్నీ కలిసి చెవిలో పడతాయి. అందుకని అమ్మమ్మ ఒక రబ్బరు గొట్టం పట్టుకుని పక్క సీట్లో కూర్చునేది. ఒక కొస చెవిలో పెట్టుకుని, రెండో కొస కాళ్ళ దగ్గరా, తలుపు సందులోనూ, సీట్ల వెనకా ఆనిస్తూ పోయేది.

"ఎక్కడ?" అనేవాడు తాతయ్య.

"ఉండండీ. మీరు మాట్లాడితే మీ మోతే వినిపిస్తోంది."

కాసేపయ్యాక, "వెనకాల. మీ వైపు. గ్లాసులో చెంచా తిప్పినట్టు" అనేది.

ఇంటికొచ్చి కారు కిందికి దూరితే అక్కడ పొగగొట్టం పట్టీ వదులై ఉండేది. ఆవిడ చెవి తప్పిన రోజు లేదు. అందుకే తాతయ్య ఎప్పుడూ ఒంటరిగా బండి తీసేవాడు కాదు. తను నడుపుతున్నాడంటే పక్కన ఆవిడ ఉండాల్సిందే.

అమ్మమ్మ పోయాక బండి షెడ్డులోనే ఉండిపోయింది. రబ్బరు గొట్టం గోడ మేకుకు వేలాడింది. వానలు వెనకబట్టాక ఒక ఉదయం తాతయ్య షెడ్డు తలుపు తీశాడు. టైర్లలో గాలి కొట్టి, అద్దం తుడిచి, బండి బయటికి తీశాడు. వీధి చివరిదాకా బాగానే ఉంది. పెద్ద రోడ్డెక్కి మూడో గేరు వేయగానే మొదలైంది. టకటకటకటక. ఇన్నేళ్ళలో ఎన్నడూ వినని మోత.

"ఎక్కడ?" అన్నాడు తాతయ్య అలవాటు కొద్దీ.

ఆ మోత తప్ప ఇంకేమీ వినబడలేదు.

కదలకుండా నిలబడ్డ బండిలో ఏదో పట్టు వదిలిందనుకున్నాడు. పొగగొట్టం పట్టీలు మార్చాడు. ఇంజను కింది రబ్బర్లు మార్చాడు. తలుపుల గొళ్ళేలు బిగించాడు. ఎంతలా బిగించాడంటే ఒక తలుపు తెరుచుకోవడమే మానేసి, ఆయన వారం పాటు కాలెత్తి, గోడ దూకే దొంగలా ఎక్కి దిగాడు. ఏం చేసినా మూడో గేరు పడగానే టకటక.

నడుపుతూ వినడం కుదరదు కాబట్టి చివరికి కారుకు చెవులు పెట్టాడు. అడుగున నాలుగు దిక్కులా రబ్బరు గొట్టాలు కట్టి, అన్నీ తెచ్చి తన తల వెనక ఒక గరాటుకు కలిపాడు.

"తాతయ్యా, డాక్టరు రోగిని మోస్తాడా, రోగే డాక్టర్ని మోస్తున్నాడా?" అంది మనవరాలు. ఇంటర్ రెండుసార్లు తప్పిన పిల్లే గానీ నోటికి మాత్రం ఎప్పుడూ ఫస్టు క్లాసే.

"నీ నోటికి ఒక సెట్టు చేస్తానుండు, పైదీ కిందదీ అతికించి" అన్నాడు తాతయ్య.

గరాటులోంచి మోత ఇంకా గట్టిగా వినిపించింది. ఎక్కణ్ణుంచో మాత్రం తెలియలేదు.

ఆ ఊళ్ళో అలాంటి కారు ఇంకొక్కటే ఉంది. పచ్చది. దాని యజమాని రైల్లో గార్డుగా చేసి రిటైరైన మనిషి. పాత సామాన్లు ఇచ్చిపుచ్చుకుని ఇచ్చిపుచ్చుకుని ఏ కారులో ఎవరి సామాను ఉందో వాళ్ళకే గుర్తులేదు. అమ్మమ్మ గార్డును "తమ్ముడూ" అని పిలిచేది కాబట్టి తాతయ్యకు బావమరిది వరస. వరస కలిశాక ఇక మొహమాటం దేనికని ఇద్దరూ హాయిగా తిట్టుకునేవారు.

తాతయ్య వెళ్ళి గార్డును ఎక్కించుకున్నాడు. రబ్బరు గొట్టం చేతికిచ్చాడు. మూడో గేరు వేశాడు.

"ఏదీ బావా?"

"ఇప్పుడొస్తుంది."

"నీ పళ్ళే కొట్టుకుంటున్నాయేమో చూసుకో."

"నా పళ్ళు నావే!" అని తాతయ్య కొరికి చూపించాడు.

వంతెన దాకా వెళ్ళి వచ్చారు. మోత లేదు. గార్డును గేటు దగ్గర దించి తాతయ్య మలుపు తిరిగాడో లేదో, టకటకటక. వెనక్కి తిప్పుకొచ్చి మళ్ళీ ఎక్కించుకున్నాడు. మళ్ళీ చప్పుడు లేదు.

మొదటిసారి గార్డు పగలబడి నవ్వాడు. రెండోసారి నవ్వలేదు. గొట్టం మడిచి ఒళ్ళో పెట్టుకుని, "బావా, ఇంట్లో కూడా ఏమైనా వినిపిస్తోందా?" అని నెమ్మదిగా అడిగాడు.

తాతయ్యకు ఆ నెమ్మదితనం పంటి కింద రాయిలా తగిలింది.

"నాకేం చెవుడు రాలేదు."

"చెవుడని కాదు. ఉన్న మోతేదో, లేని మోతేదో తెలియనివాడు ఈ బండి నడపకూడదు. రేపు చక్రం ఊడుతున్నా, ఇదీ ఉత్తదేలే అనుకుంటావు. అక్కయ్య ఉంటే వేరు సంగతి." గార్డే మళ్ళీ అన్నాడు: "నా దగ్గర గేర్‌బాక్స్ ఒకటి దాచి ఉంది. వేసి చూడు. అదీ వేశాక మోత పోకపోతే బండి నాకిచ్చెయ్."

"ఇస్తే నడుపుతావా?"

"రెండు బళ్ళు నేనేం చేసుకోను? విప్పి సామాన్లు దాచుకుంటా. పచ్చదానికి పనికొస్తాయి."

తాతయ్య ఒప్పుకున్నాడు.

గేర్‌బాక్స్ బరువైన సామాను. డిక్కీలో పట్టదు. ముసలివాళ్ళిద్దరూ మూలుగుతూ ఎత్తి పక్క సీటు మీద కూర్చోబెట్టారు. దొర్లకుండా తాతయ్య దానికి బెల్టు కూడా పెట్టాడు. చుట్టాన్ని తీసుకెళ్తున్నట్టు జాగ్రత్తగా ఇంటికి నడిపాడు. మూడో గేరు. చప్పుడు లేదు. వంతెన దాటినా లేదు. కొత్తది వస్తోందని తెలిసి పాత గేర్‌బాక్స్ నోరు మూసుకుందేమో అనుకున్నాడు.

మనవరాలి సాయంతో దాన్ని దించి, అనుమానంగా ఒక చుట్టు తిరిగొచ్చాడు. టకటకటక.

"ఇటు రా. దీన్ని మళ్ళీ ఎక్కించాలి."

"షికారు తిప్పుతున్నావా తాతయ్యా? కిటికీ పక్క సీటే కావాలంటోందా?"

"ఎక్కించు ముందు."

ఎక్కించి తిప్పాడు. చప్పుడు లేదు. దించాడు. ఈసారి రోడ్డు మీదికి వెళ్ళలేదు. షెడ్డులో నిలబడి పక్క సీటు వీపును రెండు చేతులా పట్టుకుని కుదిపాడు. టకటకటక.

సీటు కింద పట్టాలు అరిగిపోయి ఉన్నాయి. పైన బరువుంటే సీటు వాటి మీద నొక్కుకుని కూర్చుంటుంది. లేకపోతే బండి వేగం అందుకోగానే కొట్టుకుంటుంది.

తాతయ్య గుమ్మం మీద కూర్చున్నాడు. మోత కొత్తది కాదు. ఎన్నేళ్ళ నుంచి అక్కడుందో. సీటు ఖాళీగా ఉన్నప్పుడు ఆయన ఎప్పుడు నడిపాడు గనక? గొట్టం చెవిలో పెట్టుకుని బండిలోని ప్రతి మోతనూ పట్టిన మనిషి ఇదొక్కటి మాత్రం పట్టలేకపోయింది. ఆవిడ కూర్చున్నదే దాని మీద.

మర్నాడు ఆయన గులాబీ ముద్దతో రెండు పలచటి బిళ్ళలు పోశాడు. అరగదీసి, పట్టాల సందులో పెట్టి చూశాడు. అతికినట్టు సరిపోయాయి. సీటు కదల్లేదు. కాసేపు దానికేసి చూసి, బిళ్ళలు బయటికి తీసి చొక్కా జేబులో వేసుకున్నాడు.

గేర్‌బాక్సును వెనక్కి తీసుకెళ్ళి గార్డు సాయంతో అతని గుమ్మంలో దించాడు. సంగతి చెప్పాడు. గార్డు నవ్వు మొదలుపెట్టి మధ్యలోనే ఆపేశాడు.

"అయితే నీ చెవులు బాగానే ఉన్నాయి బావా."

"బండి ఇవ్వను."

"నేనడగనులే. సందులో రెండు బిళ్ళలు దోపితే పోతుందిగా?"

తాతయ్య జేబులోంచి తీసి చూపించాడు.

"మరి పెట్టలేదేం?"

తాతయ్య బిళ్ళలు మళ్ళీ జేబులో వేసుకున్నాడు. తలుపు తీసి పట్టుకుని, "కూర్చో, వంతెన దాకా వెళ్ళొద్దాం" అన్నాడు. మోత వెతకడానికి కాకుండా ఊరికే తలుపు తీసి ఒకరిని రమ్మనడం అమ్మమ్మ పోయాక ఆయనకు అదే మొదలు.

ఇద్దరూ వంతెన దాకా వెళ్ళి వచ్చారు. గార్డు కళ్ళు మూసుకుని దారంతా చెవులు రిక్కించాడు. "ఏదీ, ఒక్కసారైనా రాదే?" అన్నాడు.

"నువ్వు దిగితే వస్తుందిలే."

గేటు దగ్గర గార్డు దిగబోయి, తలుపు మళ్ళీ మూసుకున్నాడు. "ఇంకో చుట్టు తిప్పు" అన్నాడు. తాతయ్య తిప్పాడు. ఆ తర్వాత గార్డు దిగక తప్పలేదు. ఇంట్లో వాళ్ళు పిలుస్తున్నారు.

తాతయ్య పెద్ద రోడ్డెక్కి మూడో గేరు వేశాడు. టకటకటక మొదలైంది. ఈసారి ఎక్కడని అడగలేదు. గులాబీ గుండు మీంచి ఎడమచెయ్యి తీసి పక్క సీటు మీద ఆనించి నొక్కాడు. మోత ఆగింది. అలాగే నొక్కిపట్టి, ఒంటిచేత్తో నడుపుతూ, రోడ్డు తిన్నగా ఉన్నంతసేపూ వెళ్ళాడు. ఇంటి మలుపు వచ్చింది. గేరు మార్చాలి కాబట్టి చెయ్యి తీశాడు.