గోధుమ లేని తీపి

మా మేనత్త పోయిందని వల్లూరు నుంచి ఫోన్ వచ్చినప్పుడు నేను పావగడలో మా పాపకు బడికి అన్నం డబ్బా సర్దుతున్నాను. నిద్రలోనే పోయిందట. పాపకు ఈ మాట ఎలా చెప్పాలో తెలియలేదు. పాప ఆమెను అవ్వా అని పిలిచేది.

పాప ఒకటో తరగతిలో ఉండగా తరచూ కడుపునొప్పి వచ్చేది, ఒళ్లు చేసేది కాదు. తుమకూరులో పరీక్షలు చేయించాం. గోధుమలో ఉండే గ్లూటెన్ ఆ పిల్లకు పడదని, జన్మంతా మానాల్సిందేనని డాక్టరు చెప్పాడు. చపాతీలు మానడం కష్టం కాలేదు. బళ్లో ఎవరి పుట్టినరోజుకైనా కేకు పంచుతుంటే మాత్రం చేతులు వెనక్కి పెట్టుకుని కూర్చునేది. ఆ సంగతి చెబితే అందరూ అయ్యో అన్నారు. అత్త అనలేదు. ఆమెకు సందేహం పుట్టింది.

"ఆ గ్లూటెనో ఏందో, గోధుమలో యాడుంటాదమ్మా?" అని నన్నడిగింది. నాకు తెలియదన్నాను. రాగిపిండి సాగదు, గోధుమపిండి సాగుతుంది, ఆ సాగే గుణంలోనే ఏదో ఉందని ఆమె అనుమానం. పాపను పక్కింటికి పంపి, గోధుమపిండి ముద్ద కలిపి నీళ్లలో పిసకడం మొదలుపెట్టింది. తెల్లబడిన నీళ్లు పారబోసి మళ్లీ పోసింది. చివరికి రబ్బరులా సాగే జిగురుముద్ద ఒకటి మిగిలింది. దాన్ని రెండు చేతులా లాగి వెలుతురుకు ఎత్తి చూసింది.

"పిండిని పట్టుకోనుండేది ఇదే. ఇది లేకుంటే ఇంగ దేంతో పట్టించల్ల?"

తర్వాత డాక్టరును అడిగితే ఆ జిగురే గ్లూటెన్ అన్నాడు.

వాళ్ల చేను సోలార్ పలకల కిందికి పోయాక అత్తకు పొలం పని లేదు. ఇక వంటిల్లే ఆమె పొలమైంది. కొర్రపిండి, వేయించిన వేరుశనగల పొడి, బెల్లం కలిపి ఇడ్లీ పాత్రలో ఆవిరికి పెట్టిన మొదటి కేకు ఇసుకలా రాలిపోయింది. చెంచాలతో తిన్నాం. అరటిపండు వేస్తే నడుమ కుంగింది. నేను మొహం ముడుచుకుంటే, "అది చెడిపోలా. ఎందుకు విడిపోయిందో చెప్తాండాది, విను" అనేది. ఉడికించిన గెనుసుగడ్డ, అదే చిలగడదుంప, మెదిపి కలిపాక కోసిన ముక్క రాలకుండా నిలిచింది.

ఆ ముక్క తిన్నాకే పాపకు మళ్లీ నొప్పి వచ్చింది. రెండు రోజులు మంచం దిగలేదు. ఇక ఈ ప్రయోగాలు వద్దని అత్తతో గట్టిగానే అన్నాను. ఆమె షేర్ ఆటో ఎక్కి పిండిమిల్లుకు పోయింది. మన కొర్రలకంటే ముందు ఏం ఆడించినారని అడిగింది. గోధుమలని చెప్పారు; మిల్లులో మిగిలిన ఆ పిండే మా కొర్రపిండిలో కలిసింది. ఆ రోజే అటక మీది తిరగలి దింపింది.

ఆ ఏడు పాప పుట్టినరోజుకు బడికి అత్త చేసిన కేకే పోయింది. పిల్లలు ఇంకో ముక్క అడిగారని, తనే అందరికీ పంచి తనూ తిన్నానని పాప సాయంత్రమంతా చెప్పింది. అత్త అదంతా విని, పైభాగం కొంచెం గట్టిపడిందా అని అడిగింది.

పోయిన నెల వల్లూరు వెళ్లినప్పుడు పాప తనే నువ్వులు, రాగిపిండి, బెల్లంతో ఉండలు చేసి తీసుకెళ్లింది. అత్త ఒకటి నోట్లో వేసుకుని గుమ్మంలో కూర్చుంది. ఏమేం వేసిందో పాప చెప్పబోతే వేలెత్తి ఆపింది. నువ్వులంది, రాగులంది, యాలకులంది. ఇంకేదో ఉంది, అది దొరకడం లేదు. పాప వేసింది ఎండిన నారింజ తొక్క పొడి, చిటికెడు.

"చెప్పొద్దు. నేనే కనుక్కుంటా."

వెలుతురు తగ్గుతోంది. పాప ఆమె మొహంలోకే చూస్తూ నోరు మూసుకుని నవ్వు ఆపుకుంటోంది. అత్త కళ్లు మూసుకుని, బుగ్గన ఉండ పెట్టుకుని, ఎత్తిన వేలు దించకుండా ఆ రుచి కోసం వెతుకుతూనే ఉంది.