పాలు పొంగేలోపల రావాలె

"జరమొచ్చి పండుకున్న అని పొద్దుగాల ఫోన్ల చెప్పినవు. పండుకున్నదానివి మైకుల ఎట్ల పాడినవే?"

"ఇన్నవా అవ్వా? ఈడిదాంక ఇనచ్చిందా? గొంతు మంచిగ అచ్చిందా?"

"గొంతు సంగతి నన్నడుగుతున్నవా? పొద్దటి సంది పోరి బువ్వ ముట్టలే. ఎత్తుకుంటె నా మోకాళ్లు గుంజుతున్నయ్. ఇంకెన్ని నాగలు పెడ్తవు?"

"గిది నాగ గాదవ్వా. సమ్మె."

"ఏందీ?"

"సమ్మె. నీ కోడలు బడికి పోకుంటె సమ్మె, నేను నీ ఇంటికి రాకుంటె నాగనా? గదెట్లనో చెప్పు."

ఈ మాటలు జగిత్యాలలో మా ఇంటి వాకిట్లో, తెలంగాణ కొట్లాట జోరుగా నడుస్తున్న రోజుల్లో, నాకూ మా మనుమరాలిని పట్టుకోవడానికి పెట్టుకున్న మనిషికీ నడిచినవి. కోడలు ఆమెను ఆయమ్మ అనేది, ఇంట్లో మేమందరమూ అదే అన్నాము. ఇన్నేండ్ల తర్వాత ఆ మాటలు యాదికి రావడానికి కారణం, మొన్న మా గల్లీ మూలన కరెంటు స్తంభానికి కట్టిన మైకు. రాష్ట్రం వచ్చిన రోజు పండుగ అని కట్టి, పొద్దున్నే ఏదో రికార్డు పాట పెట్టారు. అప్పుడు చంకలో ఉన్న మనుమరాలు ఇప్పుడు నాకంటే పొడుగైంది. పుస్తకం ముందు నుంచి లేచి, "ఏం లొల్లి నానమ్మా ఇది" అని కిటికీ తలుపులు వేసింది. ఒకప్పుడు ఇదే మైకు వినబడితే తాను గడప దాకా పాకిన సంగతి దానికేం తెలుసు.

నేను పుట్టింది సిరిసిల్లలో, నేతపని చేసే ఇంట్లో. చదివింది మూడో తరగతి. ఆ తర్వాత బడి మాన్పించి కండెలు చుట్టడానికి కూర్చోబెట్టారు. మా నాయన చేతిమగ్గం పోయి ఇంట్లోకి సాంచెలు, అంటే కరెంటు మగ్గాలు, వచ్చిన నాటి నుంచి గోడలు కూడా దడదడమనేవి. నా ఈడు సిరిసిల్ల వాళ్లకు చెప్పనక్కరలేదు, ఆ చప్పుడుకు మాకు నిద్ర పట్టకపోవడం కాదు, ఆ చప్పుడు ఆగితేనే మెలకువ వచ్చేది. కరెంటు పోయిందంటే వాడకు వాడంతా లేచి కూర్చునేది. పెండ్లయి కోరుట్లకు పోతే అక్కడ మా ఆయనది బట్టల దుకాణం, వచ్చేపోయే మనుషులు, బేరాలు, అరుగు మీద ముచ్చట్లు, పొద్దు ఎట్లా పోయేదో తెలిసేది కాదు. ఆయన పోయిన తర్వాత కొడుకు నౌకరీ జగిత్యాలలో గనుక అతని వెంట వచ్చాను. కొత్త కాలనీ, ఇంటికీ ఇంటికీ నడుమ ఖాళీ ప్లాట్లు, అన్ని గేట్లకూ గొళ్లాలు. కొడుకు ఆఫీసుకూ కోడలు బడికీ పోయారంటే గోడ గడియారం ముల్లు తిరిగే చప్పుడు వినబడేది. అంత చప్పుడు లేని ఇంట్లో నేను ఎన్నడూ బతకలేదు.

ఆ ఇంటికి వచ్చింది ఆయమ్మ. ఆమె తల్లిగారూరు చందుర్తి అవతల చిన్న పల్లె, భర్త ఇక్కడి మార్కెట్లో బస్తాలు మోసేవాడు. వాళ్లు చర్చికి పోయేవాళ్లు. చిన్ననాటి నుంచి అక్కడ పాడి పాడి గొంతు బాగా సాగింది ఆమెకు. మా సిరిసిల్ల దిక్కు మనిషి అనేసరికి లోపల కొంచెం నిమ్మళపడ్డాను. మనుమరాలు ఆమె చేతి ముద్ద తప్ప వేరే ముద్ద ముట్టేది కాదు. ఏదో జోలపాట బాణీ ఒకటి ఉండేది ఆమెకు, అది పాడుతూ వాకిట్లో తిప్పుతుంటే గిన్నె ఖాళీ అయ్యేది. పిల్ల నిద్రపోయిన తర్వాత బియ్యంలో రాళ్లేరుకుంటూ చందుర్తి బజారు ముచ్చట్లు, సిరిసిల్ల ముచ్చట్లు చెప్పేది. నేను సగానికి కసురుకునేదాన్ని, సగం వినేదాన్ని.

పనివాళ్ల దగ్గర నాకు మొదటి నుంచి ఒకటే పట్టు: వేళ. నా వేళకు గడియారంతో పని లేదు. పొద్దున పాలు పొయ్యి మీద పెడతాను, అవి పొంగేలోపల మనిషి వాకిట్లో ఉండాలె. ఉంటే చాయ్, లేకుంటే లేదు. మొదటి రోజే ఈ షరతు చెప్పాను. ఆమె నవ్వి, "మంట నీ చేతుల్నే ఉన్నది గదవ్వా" అన్నది. ఆమె గ్లాసు వాకిట్లో నల్లా పక్క గూట్లో వేరే ఉండేది. అప్పటికి మా ఇండ్లలో అట్లనే నడిచేది, ఆమె అడగలేదు, నేను చెప్పలేదు. గ్యాసు ఊరికే కాలబెట్టడం నాకు నచ్చదు కాబట్టి మంట ఎప్పుడూ సన్నగానే పెడతాను. ఆయమ్మకు ఆలస్యమైన రోజు అత్తమ్మ మంట ఇంకా సన్నగా పెడుతుందని కోడలు నవ్వేది. అది నేను గ్యాసు చూసి చేసిన పని.

ఇంతలో కొట్లాట ముదిరింది. బందులు మొదట ఎప్పుడో ఒకటి వచ్చేవి, తర్వాత వారం వారం వచ్చాయి. బస్సులు ఆగేవి, ఆటోలు ఆగేవి, మార్కెట్ మూతపడేది. బందు నాడు ఆయమ్మ రాకుంటే నేను ఏమీ అనలేదు. తర్వాత నౌకరీదార్లందరూ సమ్మెలోకి దిగారు, కొడుకూ కోడలూ కూడా. ఊరి నడుమ గడియారం టవర్ దగ్గర టెంటు వేసి పొద్దంతా అక్కడే కూర్చునేవాళ్లు. నౌకరీకి ఎన్నడూ పోనంత పొద్దుగాల ఆ టెంటుకు పోయేవాళ్లు. నడిరోడ్డు మీద వంటలు వండేవాళ్లు, బతుకమ్మలు ఆడేవాళ్లు, ఆ ఆటలు చూడటానికి మా గల్లీలోని ఆడవాళ్లు కూడా తలుపులకు తాళాలు వేసి పోయేవాళ్లు. ఎవరికి కావలసింది కాదు తెలంగాణ? నాకూ కావలసిందే. కానీ మోకాళ్లతో నేను ఎక్కడికి పోతాను? ఊరంతా ఒక్క దగ్గర చేరిన రోజుల్లో నేనూ ఒక పసిపిల్లా, ఇంత పెద్ద ఇల్లూ మిగిలాము.

సరిగ్గా అప్పుడే ఆయమ్మ వేళ తప్పడం మొదలుపెట్టింది. ఒకనాడు పాలు పొంగి, తోడు కూడా వేసిన తర్వాత వచ్చింది. ఒకనాడు మధ్యాహ్నం వచ్చింది. ఒకనాడు అసలే రాలేదు. అడిగితే చందుర్తిలో మేనమామ కాలం చేసిండని చెప్పింది. మళ్లీ కొన్నాళ్లకు అదే మాట.

"మొన్ననే గదనే మీ మేనమామ పోయిండంటివి?"

"గాయిన పెద్ద మేనమామ, అవ్వా. గీయన నడిపాయిన."

"ఇంకెందరున్నరు? సమ్మె అయ్యేదాంక సరిపోతరా?"

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నవ్వింది. నాకు నవ్వు రాలేదు. నేనూ ఉపాయాలు చేశాను. గోడ గడియారం ముల్లు ముందుకు తిప్పి పెట్టాను. ఆమె గడియారం చూస్తే కదా, కోడలే ఉరుకులు పరుగుల మీద పోయి టెంటు కట్టకముందే టవర్ దగ్గర నిలబడి వచ్చింది. చాయ్ బంద్ చేశాను. చాయ్ లేకుండానే పిల్లను ఎత్తుకుంది. ఆలస్యమైతే లోపలికి రావద్దని గేటుకు గొళ్లెం పెట్టి కూర్చున్నాను. ఆమె ఖాళీ ప్లాటు దిక్కు పోయి గోడ మీది నుంచి తల పెట్టి "బుజ్జీ" అన్నది. పిల్ల కేరింతలు కొట్టింది. గొళ్లెం నేనే తీయవలసి వచ్చింది.

జ్వరమని ఫోన్ చేసింది ఆ రోజు. సరే, మనిషన్న తర్వాత జ్వరం రాదా అనుకొని బువ్వ పిసికి పిల్లను ఒళ్లో వేసుకున్నాను. ముద్ద ముద్దకూ తల తిప్పింది. ఏడ్చి ఏడ్చి గొంతు బొంగురుపోయింది. గల్లీలో పలకరించడానికి ఒక్క మనిషి లేదు. అప్పుడు, టెంటు దగ్గరి పాటలు ఊరంతా వినబడాలని స్తంభానికి కట్టిన మైకు గరగరమని, అందులో నుంచి పాట వచ్చింది. తెలంగాణ పాటే, మాటలు కొత్తవి. బాణీ మాత్రం మా వాకిట్లో రోజూ విన్న జోలపాటది, గొంతు ఆయమ్మది. పిల్ల చటుక్కున ఏడుపు ఆపింది. ఒళ్లో నుంచి జారి, గడప దాకా పాకి, తలెత్తి స్తంభం దిక్కు చూసింది. తర్వాత ప్రహరీ గోడ మీదికి చూసింది, అక్కడి నుంచి తల పెడుతుందేమోనని. పాట అయిపోయింది. ఎవరూ తల పెట్టలేదు. అప్పుడు పిల్ల ఏడ్చిన ఏడుపు నేను ఇప్పటికీ మరువలేదు.

సాయంత్రం ఆమె ఏమీ ఎరగనట్టు వచ్చేసరికి పట్టరాని కోపంతో అడిగిన మాటలే మొదట రాసినవి. నాగకూ సమ్మెకూ తేడా ఏందో చెప్పమంటే నోటికి వచ్చిన మాట అన్నాను.

"నా కోడలు సర్కారు మీద చేస్తున్నది. నువ్వు ఎవల మీద చేస్తున్నవు, ఈ పసిదాని మీదనా?"

ఆమె ముఖంలో నవ్వు పోయింది. పిల్లను దగ్గరికి తీసుకొని, నెమ్మదిగా అన్నది.

"దీని మీద నాకేం కోపమవ్వా. ఈడ నన్ను ఆయమ్మ అంటరు. ఆడ మైకుల నా పేరు వెట్టి పిలుస్తరు. గంతమందిల నా పేరు నేను ఎన్నడన్న ఇన్ననా?"

"అయితె ఆడనే ఉండు. రేపటి సంది ఈడికి రాకు."

"నువ్వే అంటున్నవు. నేను అనలే."

"నేనే అంటున్న. వస్తె పాలు పొంగేలోపల రా, లేకుంటె రాకు."

ఆమె పిల్ల నుదుటి మీద చేయి పెట్టి, నాకు అప్పజెప్పి, చెప్పులు వేసుకొని పోయింది. ఇంటికి వచ్చిన కొడుకు, మనుషులు దొరకని రోజుల్లో ఇదేం పని అన్నాడు. కోడలు మాత్రం, పేరు గురించి ఆయమ్మ చెప్పిన మాట విని, పిల్లను నా ఒళ్లో నుంచి తీసుకొని లోపలికి పోయింది. వస్తుంది, రేపు తప్పకుండా వేళకు వస్తుంది అని నాలో నేను అనుకున్నాను.

ఇప్పుడు తెలంగాణ వచ్చింది, జగిత్యాల జిల్లా అయింది, ఖాళీ ప్లాట్లలో ఇండ్లు లేచాయి. గేటు మీద కొడుకు కెమెరా పెట్టించాడు. ఎవరు ఎప్పుడు వచ్చిందీ ఆఫీసులో కూర్చొని ఫోన్లో చూస్తాడు. కానీ చూడటానికి వచ్చేవాళ్లు ఉంటే కదా. సామాను తెచ్చినతను గేటుకు సంచీ తగిలించి పోతాడు. చాయ్ తాగుతవా బిడ్డా అని నేను నోరు తెరిచేలోపల బండి మలుపు తిరుగుతుంది. ఈ మధ్య సిరిసిల్లకు పోయి తమ్ముని ఇంట్లో మధ్యాహ్నం నడుము వాల్చాను. వాడకట్టులో సాంచెలు చాలావరకు ఆగిపోయాయట. చప్పుడు లేక మెలకువ వచ్చి, కరెంటు పోయిందా అని అడిగాను. పైన ఫ్యాను తిరుగుతూనే ఉన్నది. వేళ అంటే వేళే అని నేను ఇప్పటికీ అంటాను, ఆ మాట మార్చుకోలేదు. అయితే వేళ తప్పి రావడానికైనా ఒక మనిషి ఉండాలె.

ఆమెను రావద్దన్న నాటి తెల్లారి ఎప్పటిలాగే లేచాను. గేటు గొళ్లెం తీసి వాకిలి ఊడ్చాను. కొడుకూ కోడలూ టెంటుకు పోయారు. పాలు పొయ్యి మీద పెట్టి మంట సన్నగా పెట్టాను, ఇంకొంచెం తిప్పితే ఆరిపోయేటంత సన్నగా. పాలు మెల్లమెల్లగా అంచు దాకా వచ్చాయి. పొంగాయి. పొయ్యి కట్టేసి చాయ్ పెట్టాను. చేయి అలవాటున ఇద్దరికీ పెట్టింది. నా గ్లాసులో పోసుకొని, గూట్లో గ్లాసులో కూడా పోశాను.

మైకు గరగరమన్నది. ఎవరో ఒక ఆడమనిషి పేరు పిలిచారు. అది మా ఆయమ్మ పేరేనని పాట మొదలైతే గాని నాకు తట్టలేదు. మనుమరాలు గడప దాకా పాకింది. నేను బువ్వ గిన్నె పట్టుకొని పోయి గడప మీదనే కూర్చున్నాను. పిల్ల స్తంభం దిక్కు చూస్తూ నోరు తెరిచింది. ముద్ద వెనక ముద్ద పెట్టాను. పాట అయ్యేసరికి గిన్నె ఖాళీ అయింది. తర్వాత ఎవరో మగమనిషి ఉపన్యాసం మొదలుపెట్టాడు.

నా చాయ్ తాగాను. గూట్లో గ్లాసులోది చల్లారి మీగడ కట్టింది. పారబోయడం నాకు చేతకాదు. అది కూడా నేనే తాగి, గ్లాసు కడిగి, మళ్లీ గూట్లో పెట్టాను.