గొంగడి కింద తీసిన సినిమా

"పిట్ట ముట్టకపాయె. ముట్టకపోతే అందరు నా దిక్కు చూసుడేంది తమ్మీ? నేనేమన్న కాకినా, కాకికి సుట్టాన్నా? వీడియో తియ్యనీకె వచ్చినోన్ని."

లియాఖత్ అలీ ఈ మాట అంటూ చాయ్ ఊదుకున్నాడు. నకిరేకల్ బస్టాండు ఎదురు సందులో ఆయన వీడియో దుకాణం. మర్రిగూడ వైపు మా ఊరికి పోవాలంటే నల్లగొండ పోయి బస్సు మారాలి. నల్లగొండ బస్సు వచ్చేదాకా ఆయన బల్ల మీద కూర్చోవడం నాకు అలవాటు. అది తొంభై ఆరో తొంభై ఏడో, ఎండాకాలం. అంతకు పదేళ్ల ముందు ఆయన ఇదే జాగాలో సైకిళ్లకు పంక్చర్లు వేసేవాడు.

"పంక్చరేస్తే గాలి నిలుస్తదో పోతదో ఎంటనే తెలుస్తది. గీ పనిల ఇంటికొచ్చి టీవీల ఏసి చూసేదాక తెల్వది. నాది ఎక్కువ మట్టుకు పోయేదే."

"చావింటికి వీడియో ఎవరు పిలుస్తారు?" అన్నాను.

"ఐలేశం పిలిచిండు. మీ పక్కూరోడే. తెల్వదా నీకు?"

తెలియకేం. ఐలేశం నార్కట్‌పల్లిలో లారీ డ్రైవరు. తండ్రి బీరన్న గొర్ల కాపరి. కొడుకు మంద వెంట రావాలని తండ్రి, లారీ ఎక్కుతానని కొడుకు పట్టుబట్టి, చివరికి మాటలే పోయాయి. బీరన్న ఉన్నట్టుండి కన్నుమూసిన రోజు ఐలేశం లారీతో ఎక్కడో మహారాష్ట్ర దారిలో ఉన్నాడు. కబురంది ఊరు చేరేసరికి తండ్రి మట్టిలో కలిశాడు. కనీసం బొమ్మలోనైనా చూద్దామంటే, బీరన్న ఒక్క ఫోటో అయినా దిగిన మనిషి కాదు.

"మొకం ఎట్లా లేదు భాయ్, బాపు దినాలన్న కండ్ల ముందట ఉండాలె అన్నడు. నాకు పానమంత అటో ఇటో అయ్యింది. అబద్ధమెందుకు, ఇంకో సంగతి గూడ ఉన్నది. మూఢం నడుస్తున్నది. పెండ్లిల్లు లేవు. ఈగలు కొట్టుకుంట కూసున్న."

అలా, పెళ్లిళ్లు తప్ప మరొకటి తీసి ఎరుగని మనిషి, భుజాన కెమెరా, చంకలో మూడు కాళ్ల స్టాండుతో పదకొండో రోజు పొద్దున బీరన్న మెట్టచెలకలో దిగాడు. ఇంటివాళ్లంతా అక్కడే ఉన్నారు. తుమ్మచెట్టుకు ఎదురుగా జాగా శుభ్రం చేసి, విస్తరిలో బీరన్నకు ఇష్టమైనవన్నీ వడ్డించారు. బువ్వ, మాంసం కూర, ఉడకబెట్టిన గుడ్డు, పక్కన ముంతలో కల్లు. ఆ విస్తరి కొడుకు తన చేతితో పెట్టాలి. కాకి వచ్చి ముట్టాలి, పిట్ట ముట్టడమంటే అదే. అది ముడితే పోయినవాడు తృప్తిగా పోయినట్టు. ముట్టేదాకా ఇంట్లో ఎవరూ ముద్ద నోట పెట్టరు.

"అందరిని ఒక్క వరుసల నిలవెట్టిన. జర దగ్గరికి జరుగుండ్రి, జర నవ్వుండ్రి అన్న."

"నవ్వమన్నావా?"

"నోట్లకెల్లి వచ్చింది తమ్మీ. పెండ్లి నోరు. ఆడ గుర్వయ్య అని బీరన్న అన్న, కట్టె పట్టుకోని నిలవడ్డడు. ఆయన చూసిన చూపుకు నాకు గా దినమంత మల్ల నవ్వు రాలె."

అంతటితో ఊరుకున్నాడా అంటే లేదు. ఐలేశం వంగి విస్తరి పెట్టాడు. పెట్టేటప్పుడు ఎండ ఎదురుగా కొట్టింది, చెయ్యి సరిగా కనబడలేదు. పెళ్లిలో పుస్తె కట్టేటప్పుడు కూడా లియాఖత్ అలీ ఒక్కోసారి మళ్లీ కట్టించేవాడట. అదే చొరవతో "అన్నా, ఇస్తరి ఎత్తి ఇంకోపారి పెట్టు" అన్నాడు. ఐలేశం ఎత్తి మళ్లీ పెట్టాడు. వెనక ఆడవాళ్లు నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు. పోయినవాడి ముందునుంచి కూడు ఎత్తడం ఎక్కడైనా ఉందా అని గుర్వయ్య కట్టెను నేలకు కొట్టాడు.

తర్వాత అందరూ దూరం జరిగి ఎదురుచూశారు. తుమ్మచెట్టు మీద కాకులు ఉన్నాయి. అరుస్తున్నాయి, ఎగురుతున్నాయి, మళ్లీ కొమ్మ మీదికే చేరుతున్నాయి. కిందికి ఒక్కటీ దిగలేదు.

పొద్దు ఎక్కింది. కూర మీద ఈగలు ముసిరాయి. జనం ఒక్కొక్కరే బీరన్నను అడగడం మొదలుపెట్టారు. మనుమరాలి పెండ్లి మీద పానముందా, మేం చేస్తం. మందను ఎవరన్న అమ్ముతరని ఫికరా, ఎవ్వరు అమ్మరు. బీరన్న దేనికీ ఒప్పుకోలేదు. చివరికి గుర్వయ్య ముందుకొచ్చాడు.

"నా తమ్ముడు ఆని కొడుకు చేతి బువ్వ వద్దంటున్నడు. కండ్లున్నోల్లకు కనవడ్తనే ఉన్నది. ఐలేశం, నువ్వు పక్కకు జరుగు. నేను పెడ్త."

లియాఖత్ అలీ గ్లాసు కింద పెట్టాడు.

"పక్కకు జరుగు అంటే చెట్టు కిందికి జరుగుడు గాదు తమ్మీ. ఇంట్లకెల్లి జరుగుడు. కొడుకు గాకుంట పోవుడు. నాకే సమజైంది, ఆనికి గాదా? 'పెద్దబాపూ, ఇంకింతసేపు చూద్దం' అని మట్టిల మోకాల్ల మీద కూసున్నడు. ఈపు నా దిక్కున్నది. నేనేం చేసిన్నో తెలుసా? కెమెరా స్టాండు మీదికెల్లి తీసి భుజం మీద ఏసుకోని, ఆని ఈపును దగ్గరికి గుంజిన. గప్పుడు నా అంత పెద్ద సినిమావాడు ఈ జిల్లల లేడని నాకు మస్తు నమ్మకం."

అంతదాకా ఒక మూల కూర్చుని ఉన్న బీరన్న భార్య భద్రమ్మ అప్పుడు లేచింది. విస్తరి దగ్గరికి పోయి, నడుం మీద చెయ్యి పెట్టుకుని, చెట్టు వైపు చూసి మొదలుపెట్టింది. ఆమె మాటలు లియాఖత్ అలీ ఆమె గొంతుతోనే చెప్తాడు.

"ఓ పెద్దమనిషీ, బతికినన్ని దినాలు గిదే కత పెడితివి. ముందట బువ్వ పెడితే, పిలిచిపిలిచి నా నోరు నొయ్యాలె, గప్పుడు గాని చెయ్యి కడగకపోతివి. పోరడు రాడు రాడు అని మందల గొర్లకు చెప్పుకుంట తిరిగినవు. ఇగో, వచ్చిండు. నీకు ఆకలి గాకపోతే పండుకో. నలుగుర్ల నా కొడుకును గిట్ల మట్టిల కూసోపెట్టకు. కోపముంటే నా మీద సూపెట్టు, నాకు అలవాటే."

కాకులు ఆమెను లెక్కచేయలేదు. ఆమె కొంగుతో మొహం తుడుచుకుని ఇంకోసారి పైకి చూసింది. ఈసారి చాలాసేపు చూసింది. తర్వాత వెనక్కి తిరిగింది.

"ఇవి ఇస్తరి దిక్కు చూస్తనే లేవు. సాయిబు దిక్కు చూస్తున్నయి."

అందరూ తిరిగి చూశారు. ఖాళీ స్టాండు మూడు కాళ్ల మీద నిలబడి ఉంది. కాలే నేల మీద పెట్టలేక లియాఖత్ అలీ తన నల్ల సంచిని పొద్దుననే దాని తలకు వేలాడగట్టాడు. సంచి మూతలు రెండూ తెరుచుకుని, గాలికి రెక్కల్లా కొట్టుకుంటున్నాయి.

"బిడ్డా," అంది భద్రమ్మ, "జొన్నచేను కంకి మీదున్నప్పుడు మేం చచ్చిన కాకిని కట్టెకు గిట్లనే ఏలాడగడ్తం. ఇగ ఆ చేన్లకు ఒక్క కాకి రాదు. నువ్వు మా ఇస్తరి ముందటనే కడ్తివి."

ఎవరో కిసుక్కుమన్నారు. ఆ ఇంట్లో చావు తర్వాత వినపడిన మొదటి నవ్వు అది. అక్కడున్న వాళ్లందరూ చేలల్లో కాకిని కట్టినవాళ్లే. గుర్వయ్య కూడా. కానీ అందరి కళ్లూ ఐలేశం మీదే ఉండిపోయాయి.

"ఆని తప్పు కోసం దేవులాడుకుంట నా సంచిని ఎవలు చూస్తరు? సరే, స్టాండు మడత పెట్టిన. పొద ఎనుకకు పోయిన. గని తీసుడు బంద్ చెయ్యలె. ఐలేశానికి మాటిచ్చిన గద. నా తలకాయ, దాని పక్కన నల్ల డబ్బ, కాకులకు మల్ల అనుమానం. అవ్వ బీరన్న గొంగడి తెచ్చి నా మీద కప్పింది. కెమెరాతో సహా. రోహిణి కార్తెల తమ్మీ. గొర్ల వాసన, చెమట, చీకటి. లోపట టేపు తిరుగుతనే ఉన్నది. ఇంతల 'ముట్టింది, ముట్టింది' అని బయట ఒక్కటే లొల్లి. ఆ ఎన్క గుర్వయ్య గొంతు: 'ఐలేశం, లెవ్వు బిడ్డా. కాళ్లు కడుక్కో, బువ్వ తిందాం.' గంత పెద్ద ముచ్చట నా ముందటనే అయితే, నేను చూసింది గొంగడి ఒక్కటే."

"మరి క్యాసెట్‌లో?"

"ఏముంటది? నల్లగ. ఎవడో కుక్క లెక్క రొప్పుతుంటడు, అది నేనే."

ఆ క్యాసెట్ చూడడానికి ఐలేశం ఇదే దుకాణానికి వచ్చాడు. ఏమంటాడోనని లియాఖత్ అలీ ముందే చాయ్ తెప్పించి పెట్టాడట. ఐలేశం బొమ్మ ఏదని అడగలేదు. గుర్వయ్య బిడ్డా అని పిలిచిన చోటు రెండుసార్లు విన్నాడు. తర్వాత తల్లి తిట్టిన చోటికి తిప్పమన్నాడు. అక్కడ బొమ్మ ఉంది, కానీ అందులో తన వీపు మాత్రమే ఉంది. తల్లి గొంతు ఎక్కడో పక్కనుంచి వస్తోంది.

"'అవ్వ ఏది భాయ్?' అన్నడు. నా కెమెరా నీ ఈపు మీదికెల్లి కదల్లేదు అని చెప్పిన. గంత మాట ఆ ముసల్ది మాట్లాడుతుంటే, పక్కకు తిప్పాలన్న సోయి లేదు నాకు."

ఐలేశం ఇప్పుడు ఊళ్లోనే ఉంటున్నాడు. లారీ పూర్తిగా మానలేదు, మందనూ వదల్లేదు. రెంటికీ మధ్య తిరుగుతుంటాడు. భద్రమ్మ మాత్రం ఈ మధ్య బాగా వంగిపోయింది. మా వైపు ఫ్లోరైడు నీళ్లు ఎముకల్ని అట్లా పట్టుకుంటాయి. ఒక్క బొమ్మ దిగమని కొడుకు ఏడాదిగా బతిమాలుతున్నాడు. తండ్రి లాగే తల్లి మొహం కూడా లేకుండా పోతుందని వాడి భయం.

"ఒప్పుకుంటలేదు. 'ఆ సాయిబు నిలవడితే కాకులే రావు, నేనొస్తనా' అన్నదంట. నిజమే గద."

సందు చివర నల్లగొండ బస్సు హారన్ వినబడింది. నేను సంచి భుజాన వేసుకున్నాను. లియాఖత్ అలీ నా వెంట దుకాణం గడప దాకా వచ్చాడు.

"నువ్వు ఎవ్వలు చెప్పినా చెవి పెట్టి ఇంటవు. పోయి అవ్వకాడ జర కూసో తమ్మీ. తొందరపెట్టకు. ఏ పొద్దు ఆమెకు పానం మంచిగుంటదో, ఏ జాగాల కూసుంటదో ఆమెనే అడుగు. నన్ను ఎంత దూరం నిలవడమంటదో గూడ అడుగు, ఆడనే నిలవడ్త. ఐలేశానికి మాత్రం ముందుగాల చెప్పకు, ఆశ పెట్టుకుంటడు. ఆమె ఊ అంటే నాకు కబురు పంపు."