సాయంత్రం ఫోనుకు బదులు వచ్చిన పలక

నేను మోటారు పంపుల విడిభాగాలు అమ్మేవాడిని. అంటే కొట్టు పెట్టుకుని గల్లా ముందు కూర్చున్నవాడిని కాదు. హైదరాబాదులోని ఒక కంపెనీ తరఫున నిజామాబాద్ చుట్టుపక్కల దుకాణాలు తిరిగి, ఎవరికి ఏ సామాను కావాలో అడిగి, సాయంత్రానికి ఆ ఆర్డరు పై ఆఫీసుకు చేరవేయడం నా ఉద్యోగం. ఒకరోజు బోధన్ బస్సు, ఒకరోజు జక్రాన్‌పల్లి మీదుగా ఆర్మూర్, ఇంకోరోజు ముప్కాల్ దాకా. చెరుకుకు నీళ్లు కట్టే రోజుల్లో మోటార్లు కాలిపోతుంటాయి, మోటార్లు కాలితే మాకు గిరాకీ. "రైతు ఏడిస్తెనే నీకు బువ్వ" అని బోధన్‌లో ఒక దుకాణదారు నన్ను ఎత్తిపొడిచేవాడు. అందులో అబద్ధం లేదు కాబట్టి టీ తాగి ఊరుకునేవాడిని.

ఆ వైపు దుకాణదారులు ఆర్డరు కాగితం మీద రాసివ్వరు. నోటితో చెబుతారు, అదీ తెలుగులో ఉర్దూ, మరాఠీ కలిపి. ఏడున్నర హార్స్‌పవర్ అనరు, సాడే సాత్ అంటారు. వాళ్లు చెప్పింది నేను ఒక్కో వరుసా తిరిగి చదవాలి, వాళ్లు "హా, గదే" అనాలి. ఆ మాట పడితేనే ఆర్డరు ఖాయం. పడకుండా సామాను పంపితే వాపసు వచ్చినా ఎవరూ నోరెత్తడానికి లేదు.

ఈ రివాజే ఆఫీసు ఫోను దాకా పాకింది. సాయంత్రం నిజామాబాద్ బస్టాండు దగ్గర టెలిఫోన్ బూత్‌లో నిలబడి నేను చదివేవాడిని. అవతల ఆర్డర్లు రాసుకునే ఆమె ప్రతి వరుసనూ తిరిగి చదివేది. నేను "హా, గదే" అనేవాడిని. ఆమెను ఏనాడూ చూడలేదు. హైదరాబాదు ఆఫీసుకు నేను పోయేది ఏడాదికోసారి, అదీ పెద్ద సారు గది దాకా వెళ్లి అక్షింతలు వేయించుకుని రావడానికి. ఆమె కూర్చునే గది పై అంతస్తులో ఉందని మాత్రం తెలుసు. నన్ను అన్నా అనేది, నేను చెల్లె అనేవాడిని.

ఆర్డరు అయిపోయాక ఆమె ఒక ప్రశ్న అడిగేది.

"తిన్నవా అన్నా?"

"తిన్న."

"ఏం తిన్నవు? అబద్ధం చెప్పకు."

అప్పుడు నిజం చెప్పాల్సివచ్చేది. మిర్చి బజ్జీలతో సరిపెట్టానని చెబితే ఆమె తిట్టేది. ఆ తిట్లు పడ్డాకే నేను రాత్రికి అన్నం వండుకునేవాడిని. నా భార్య జబ్బుతో పోయిన తర్వాత నేను అన్నం తిన్నానో లేదో అడిగిన మనిషి ఈమె ఒక్కతే. రోజంతా పది దుకాణాల్లో నోరు నొప్పి పుట్టేలా మాట్లాడేవాడిని, కానీ అదంతా బుష్షుల గురించి, బేరింగుల గురించి. ఆదివారం ఆర్డర్లు ఉండవు కాబట్టి ఫోనూ లేదు. చర్చిలో వెనక వరుసలో కూర్చునేవాడిని. బయటికి వచ్చేటప్పుడు "మంచిగున్నవా" అని అడిగిన వాళ్లు నా జవాబు వినకుండానే చెప్పుల కోసం వెతుక్కునేవాళ్లు. వాళ్ల మీద నాకు కోపం వచ్చేది. ఆదివారం నాకు అస్సలు గిట్టేది కాదు.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో కంపెనీకి కంప్యూటర్ల పిచ్చి పట్టింది. ఊళ్లు తిరిగే మా అందరికీ ఒక్కో యంత్రం ఇస్తారట. రెండు రకాలు చూశారట, ఏది కొనాలో తేలలేదట. "నువ్వు అందరికంటె ఎక్కువ తిరుగుతవు. రెండూ పట్టుకపోయి వాడి చూడు. నువ్వు ఏది అంటె అదే అందరికి కొంటం" అన్నాడు పెద్ద సారు. ఇన్నేళ్లలో ఆయన నన్ను ఒక సంగతి అడగడం అదే మొదలు. లోపల ఉబ్బిపోయాను గానీ పైకి గంభీరంగా తలూపాను.

ఒకటి అరచేతిలో పట్టేది, చొక్కా జేబులో వేసుకోవచ్చు. చిన్న చిన్న మీటలు ఉండేవి, నా వేలు ఒకటి నొక్కితే రెండు పడేవి. ఆర్డరు దాచిపెట్టుకోవడమే దానికి తెలుసు, పంపడం తెలియదు. అంటే అది వచ్చినా సాయంత్రం ఫోను చేసి చదవాల్సిందే. రెండోది పెద్దది, బడిపిల్లల పలకంత ఉండేది. మీటలు లేవు, అద్దం మీద పెన్నుతో రాయాలి. దాంతోపాటు కంపెనీ ఇచ్చిన సెల్‌ఫోనుకు తీగతో తగిలిస్తే ఆర్డరు దానంతట అదే ఆఫీసుకు వెళ్లిపోతుంది. టౌనుకు వచ్చి సిగ్నలు దొరికితే చాలు, ఎవరికీ ఏదీ చదివి వినిపించనక్కర్లేదు.

మొదటి రోజే నాకు అర్థమైంది. పలక గెలిస్తే సాయంత్రం ఫోను ఉండదు.

అప్పటినుంచి ఆ పలకలో తప్పులు వెతకడమే నా పని అయింది. తప్పులకు కొదవా లేదు. బోధన్ బస్సులో ఒళ్లో పెట్టుకుంటే తొడలు కాలేవి. ఎండలో అద్దం మీద నా మొహం తప్ప ఏమీ కనపడేది కాదు. మధ్యాహ్నానికే బ్యాటరీ చేతులెత్తేసేది, ఎవరి దుకాణంలోనో ప్లగ్గు కోసం బతిమాలుకోవాలి. చెరుకు లారీలు పోయే రోడ్డు దుమ్మంతా దాని మీదే వాలేది. బోధన్ దుకాణదారు దాన్ని చూసి గల్లా మీదికి వంగి మరీ నవ్వాడు.

"ఏందన్నా, మల్ల బడిల ఏశిండ్రా నిన్ను?"

"ఆర్డరు చెప్పు ముందు."

చెప్పాడు. అద్దం మీద రాశాను, తిరిగి చదివాను. "హా, గదే" అన్నాడు. పోనిమ్మని పెన్ను ఆయన చేతికే ఇచ్చి సంతకం పెట్టమన్నాను. పెట్టి, తన సంతకాన్ని తానే మెచ్చుకుని, పక్క దుకాణం వాడిని పిలిచి "సూడు, నా దస్కత్ హైదరాబాద్ పోతదట" అని చూపించాడు. వాడూ ఒక సంతకం పెడతానన్నాడు. ఊరికే ఎలా పెడతావు, ఆర్డరు ఇవ్వు అన్నాను. అంతకుముందు నా మొహం చూడనివాడు ఆరోజు ఫుట్‌వాల్వులకు ఆర్డరిచ్చాడు. నాకు ఒళ్లు మండిపోయింది. ఓడిపోవాల్సిన యంత్రం నా కళ్లముందే బేరం తెచ్చింది.

అయినా పట్టు వదల్లేదు. దుమ్ము, ఎండ, బ్యాటరీ అన్నీ వరుసగా చెప్పి చిన్నదాన్ని గెలిపించాలనే అనుకున్నాను. ఆ సాయంత్రం ఆర్డరు చదవడం అయ్యాక చెల్లె తనే ఆ మాట ఎత్తింది.

"నీకు మిషన్లు ఇచ్చిండ్రట గదా అన్నా. ఏది మంచిగుంది?"

"చిన్నదే నయమనిపిస్తుంది. జేబుల పడతది."

బూత్ బయట ఎల్లారెడ్డి బస్సు కండక్టరు కేకలే వినపడ్డాయి. లైను తెగిందేమోనని హలో హలో అన్నాను.

"ఉన్న అన్నా," అంది. "ఆ పెద్దది దానంతట అదే పంపుతదట గదా?"

"పంపుతది."

"అది వస్తె నాకు పొద్దటి డ్యూటీ ఇస్తమన్నరు. ఐదున్నరకే పోవచ్చు. ఇప్పుడు మీ అందరి ఫోన్లు అయ్యెవరకు చీకటి పడుతుంది. ఆ టైంల మా దిక్కు బస్సు దొరకదు. బిడ్డను పక్కింటోళ్ల దగ్గర ఉంచుతున్న. వాళ్లు తలుపు పెట్టుకుంటె మెట్ల మీద కూసుంటది, నేను వచ్చెదాంక. నిన్ను అడగొద్దనే అనుకున్న. నీకు తిరుగుట్ల ఏది అక్కరకొస్తె అదే చెప్పు."

ఇన్నేళ్లుగా ఆమె నా గురించి అడుగుతూనే ఉంది. ఆ ఫోను పెట్టేసి ఆమె ఎక్కడికి పోతుందో, ఎలా పోతుందో నాకు తట్టనేలేదు. నాకు రోజులో అదొక్కటే మనిషి గొంతు. ఆమెకేమో అది తప్పిపోయిన బస్సు. "తిన్నవా అన్నా?" అని ఆరోజు కూడా అడిగింది. తిన్నానని చెప్పాను. ఏం తిన్నావని అడగకముందే ఫోను పెట్టేశాను.

గదికి వచ్చి రెండు యంత్రాలనూ మంచం మీద పక్కపక్కన పెట్టి చూస్తూ కూర్చున్నాను. చిన్నదాని మీద నాకు ప్రేమ కలిగిందని చెప్పను, అదొక దిక్కుమాలిన వస్తువు. కానీ దాన్ని వదులుకోవడానికి ప్రాణం ఒప్పలేదు. ఆ గదిలో అంత ఒంటరిగా నాకు నా భార్య పోయిన నెలలో కూడా అనిపించలేదు. అప్పుడు కనీసం చుట్టాలు వచ్చిపోతుండేవాళ్లు.

మర్నాడు పెద్ద సారుకు ఫోను చేసి పలకే కొనమన్నాను. మనిషికి రెండు బ్యాటరీలు ఇవ్వాలని, దుమ్ముకు వానకు తట్టుకునే తోలు తొడుగు కుట్టించాలని చెప్పాను. ఎందుకు పలక అని అడిగాడు.

"టైం మిగులుతది సార్" అన్నాను.

ఎవరి టైమో ఆయన అడగలేదు.

పలకలు రావడానికి మరికొంత కాలం పట్టింది. ఫోనులో చివరిసారి చదివిన రోజు ఆర్డరు చాలా చిన్నది. కావాలని మెల్లగా చదివాను. ఆమె కూడా మెల్లగానే తిరిగి చదివింది.

"వేళకు తిను అన్నా" అంది.

"హా, గదే" అన్నాను.

తర్వాత సాయంత్రాలు గదిలోనే గడిచాయి. తీగ తగిలించి పెన్నుతో ఒక గడి మీద తాకితే ఆర్డరు వెళ్లిపోయేది. వెళ్లిందని ఇంగ్లీషులో ఒక ముక్క కనపడేది. అది తిరిగి చదవదు. మొదట్లో నేనే పైకి చదివి, నేనే "హా, గదే" అనుకునేవాడిని. పక్క గదిలో అద్దెకున్నాయన ఒకరోజు "ఎవరన్న వచ్చిండ్రా?" అని తొంగిచూశాడు. ఎవరూ రాలేదన్నాను. ఆ తర్వాత పైకి చదవడం మానేశాను. అన్నం వండుకోవడం కూడా మెల్లగా తగ్గింది. పని మాత్రం బ్రహ్మాండంగా సాగింది. తప్పులు లేవు, వాపసులు లేవు. పెద్ద సారు నా ఎంపికను అందరి ముందూ మెచ్చుకున్నాడు.

చలికాలంలో బస్సు కుదుపుకు పలక జారిపడి అద్దం పగిలింది. బాగుచేయించడానికి హైదరాబాదు ఆఫీసుకు తీసుకుపోయాను. దాన్ని బాగుచేసేవాడు మరుసటి రోజు రమ్మన్నాడు. ఉసూరుమంటూ బయటికి వచ్చి గేటు దగ్గర నిలబడ్డాను. ఆఫీసు వదిలే వేళ. మెట్లు దిగుతూ ఒకామె సెల్‌ఫోనులో మాట్లాడుతూ వచ్చింది. సన్నటి మనిషి, భుజానికి టిఫిను సంచి. నేను పెద్దగా పట్టించుకోలేదు. గొంతు విని తలెత్తాను.

"పాలపాకిట్ ఒకటి. ఆలుగడ్డలు అర కిలో. స్కెచ్ పెన్నులు, పెద్ద డబ్బ. హా, గదేనా? ఇంకేమన్న కావాల్నా?"

ఒక్కో వరుసా తిరిగి చదువుతోంది. అటువైపు బిడ్డ అని తెలుస్తూనే ఉంది.

"బడి నుంచి వచ్చి తిన్నవా? ఏం తిన్నవు? అబద్ధం చెప్పకు."

ఇంకా తినలేదు చెల్లె అని నాలో నేను జవాబు చెప్పుకున్నాను. పిలుపు నాలుక చివరిదాకా వచ్చింది. ఆమె నాకు చేతికందే దూరంలో, నన్ను దాటి పోతోంది. నా ముఖం ఆమెకు తెలియదు. కానీ నేను ఒక్క మాటంటే గుర్తుపడుతుంది. గుర్తుపడితే ఆగుతుంది, ఆగితే అడుగుతుంది, ఏం తిన్నానో చెప్పేదాకా కదలదు. ఎదురుగా స్టాపులోకి బస్సు వచ్చి ఆగుతోంది.

ఆ బస్సు కోసమే నేను పలక అన్నాను.

నోరు మూసుకుని ఒక అడుగు పక్కకు జరిగి దారి ఇచ్చాను. ఆమె నా వైపు చూడకుండానే పరుగెత్తి బస్సెక్కింది.