పురిటి గదిలో పెళ్లి

ఖిదిర్‌పూర్‌లో ఆ జమీందారు మేడ కొన్నాళ్లు జనపనార గోదాము, ఆ తర్వాత ప్రసూతి ఆసుపత్రి అయింది. మా మేనత్త అక్కడే ఆయాగా పనిచేసింది. ఇప్పుడది పెళ్లిళ్లకు అద్దెకిచ్చే హాలు. అయినా ఒకప్పుడు పురిటి గదిగా ఉన్న పెద్దగదిలో అడుగు పెడితే చాలు, అత్త గొంతు తగ్గించేసేది. పసిపిల్లలు ఇంకా అక్కడే పడుకున్నట్టు, బ్యాండువాళ్లను కూడా "దాదా, ఆస్తే, ఆస్తే" అని మెల్లగా వాయించమని బెంగాలీలో బతిమాలేది.

మా అమ్మాయి పెళ్లీ అక్కడే చేశాం. అప్పగింతలప్పుడు అది పళ్లబిగువున ఏడుపు ఆపుకుంటోంది. అత్త దాని వీపు నిమురుతూ, ఎప్పుడూ లేనిది, అందరికీ వినబడేలా అంది:

"ఏటమ్మా, అలా బిగబట్టీసినావు? ఏడు. ఈ గదిలో పుట్టినప్పుడు కూడా నువ్వు ఇలాగే నోరు మెదపనేదు. నీ ఏడుపు ఇనబడ్డాకే మాకు ఊపిరొచ్చింది."